లైవ్ బల్ల ఎక్కడ వేయాలి?

మన వైపు పెళ్లిళ్ల లైవ్ పనికి అసలు సీజన్ వైశాఖ, జ్యేష్ఠ మాసాలు. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ కల్యాణ మండపం ఖాళీ దొరకని రోజులవి. ద్వారకా తిరుమలలో చిన వెంకన్నకు ఏడాదిలో రెండుసార్లు కల్యాణం చేస్తారు. ఒకటి ఆశ్వయుజంలో, రెండోది సరిగ్గా ఈ వైశాఖంలోనే. రోహిణి కార్తె కూడా దాని వెనకే వస్తుంది. మన చేతికి పని నిండుగా ఉండే రోజులూ, మన మిషన్లు మొరాయించే రోజులూ ఒకటే అన్నమాట.

2020 ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం కరోనా లాక్‌డౌన్ వల్ల భక్తులు లేకుండా జరిగింది. జనం ఇళ్లలో కూర్చుని తెర మీదే తలంబ్రాలు చూశారు. ఆ ఏడాది పెళ్లిళ్లూ అదే దారి పట్టాయి. లాక్‌డౌన్ పోయింది గాని లైవ్ పోలేదు. ఇప్పుడు శుభలేఖ మీద ముహూర్తం కింద క్యూఆర్ కోడ్ లేకపోతే చుట్టాలు అడుగుతున్నారు. ఏలూరులో పొద్దున 10 గంటల ముహూర్తమంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి 11:30. అక్కడ పెదనాన్నగారి కుటుంబం నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చుని ఉంటుంది. మామూలు వీడియోలో ఒక ముక్క పోతే ఎడిటింగ్‌లో అతుకు వేస్తాం. జీలకర్ర బెల్లం వేళ లైవ్ ఆగితే దానికి అతుకు లేదు.

ఈ అధ్యాయంలో కొనమని చెప్పే వస్తువులు తక్కువే. ఎంత ఖరీదు కెమెరా తెచ్చినా, ఎంత పెద్ద ల్యాప్‌టాప్ తెచ్చినా, లైవ్ నిలబడుతుందా పడిపోతుందా అన్నది చాలాసార్లు తేలేది మన పరికరాల బల్ల వేసిన చోటులోనే. అది ఎందుకో ముందు అర్థమైతే మిగతా జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి.

నీడలోనే 40 అయితే...

పరికరంతో వచ్చే చిన్న పుస్తకం మనలో ఎవరూ చదవరు. ఒక్కసారి చదవండి. చుట్టూ గాలి 35 డిగ్రీలు దాటితే ఐఫోన్ వాడొద్దని యాపిల్ కంపెనీయే చెబుతుంది. మనం వాడే కెమెరాల్లో చాలావాటికి రాసి ఉండేది 0 నుంచి 40 డిగ్రీల వరకు. ఇక మే నెలలో ఏలూరు సంగతి మీకు తెలుసు. 40 దాటని మధ్యాహ్నం దొరికితే అదృష్టం. పైగా వాతావరణ శాఖ చెప్పే అంకె నీడలో, గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరుది. కాబట్టి మనం పెట్టె తెరవకముందే, నీడలో ఉండగానే, కంపెనీ గీసిన గీత దాటేసి ఉంటాం.

లెక్క తేలిక. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు బొమ్మ మార్చే స్విచ్చర్ పెట్టె పని చేస్తుంటే దాని లోపలి భాగం చుట్టూ ఉన్న గాలి కన్నా 35 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది అనుకోండి. 25 డిగ్రీల ఏసీ గదిలో దాని లోపల 60. అదే పెట్టె 42 డిగ్రీల పందిట్లో 77. పెట్టె మారలేదు, పని మారలేదు, గాలి మారింది. ఫ్యాన్ ఎంత తిప్పినా బయటి గాలి కన్నా చల్లగా ఏ పరికరాన్నీ చేయలేదు. ఆ 35 డిగ్రీల తేడాను 25కో 20కో తగ్గించగలదు. పవర్ సప్లైలో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విషయంలో ఇంజనీర్లకు ఒక మోటు లెక్క ఉంది: 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. రెండు వేసవులు బాగా పని చేసిన అడాప్టర్ మూడో వేసవిలో కారణం కనపడకుండా చచ్చిపోవడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

వేడెక్కిన పరికరాలన్నీ ఒకేలా ప్రవర్తించవు. ఫోన్ ముందు తెర వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది, చివరికి హెచ్చరిక చూపించి పని మానేస్తుంది. కెమెరా థర్మామీటర్ గుర్తు చూపించి, కాసేపటికి ఆరిపోతుంది. ఈ రెండూ నయం, ఏం జరిగిందో చెప్పి మరీ ఆగుతాయి. ల్యాప్‌టాప్ అలా కాదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. లైవ్ ఆగదు, నత్తనడక నడుస్తుంది. బొమ్మ తడబడుతుంది, మంత్రం ఒకచోట, పెదవులు ఒకచోట. అప్పుడు పందిట్లో అందరూ అనే మాట ఒకటే: ‘నెట్ స్లోగా ఉందండీ.’ ఆపరేటర్ కూడా అదే నమ్మి సిమ్ములు మార్చుకుంటూ కూర్చుంటాడు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలిస్తే సగం కంగారు పోతుంది. లైవ్ పంపడానికి ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అందులో ‘స్టాట్స్’ అనే కిటికీ తెరిచి, తెర మూలన ఎప్పుడూ కనపడేలా పెట్టుకోండి. అందులో ఫ్రేములు పోవడానికి మూడు వేర్వేరు లెక్కలు ఉంటాయి. ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్, నెట్‌వర్క్’ అన్న అంకె పెరుగుతుంటే తప్పు నిజంగానే నెట్‌ది. ‘ఎన్‌కోడింగ్ ల్యాగ్’ గాని ‘రెండరింగ్ ల్యాగ్’ గాని పెరుగుతుంటే నెట్ జోలికి పోవద్దు; మిషన్ చేతులెత్తేస్తోంది. మొదటి గంట బాగా నడిచి, రెండో గంటలో ఏమీ మార్చకుండానే ఆ అంకెలు పెరగడం మొదలైతే మన ఊళ్లో దానికి తొంభై పాళ్లు కారణం వేడి. అప్పుడు చేయాల్సింది సిమ్ మార్చడం కాదు. 60 ఫ్రేములను 30కి తగ్గించడం, ఎన్‌కోడింగ్ పనిని ప్రాసెసర్ మీంచి తీసి గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించడం, వెనకాల తెరిచి ఉన్న బ్రౌజర్ ట్యాబులు మూసేయడం, ల్యాప్‌టాప్ కింద గాలి ఆడేలా చూడడం. మొదటి రెండూ లైవ్ మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి, నడుస్తుండగా మార్చడం కుదరదు.

ఎండ పడే చోటు

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరు జాగా మీద పడే శక్తి దాదాపు 1,000 వాట్లు. పదిహేనున్నర అంగుళాల ల్యాప్‌టాప్ ఇంచుమించు 36 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు. దాని మీద ఎండ పడితే నెత్తిన 85 వాట్లు కుమ్మరించినట్టే. లైవ్ నడిపేటప్పుడు మధ్యరకం ల్యాప్‌టాప్ తాను తినే కరెంటు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఎండలో పెట్టామంటే దాని ఫ్యాన్ మీద రెట్టింపు పని పెట్టామన్నమాట. నల్లటి కెమెరా ఒంటికీ ఇదే లెక్క.

కాబట్టి పందిరి చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇప్పుడు నీడ ఎక్కడుంది’ కాదు, ‘ముహూర్తం వేళకు నీడ ఎక్కడుంటుంది’. తొమ్మిదింటికి చల్లగా ఉన్న మూల పదకొండింటికి కాలిపోవచ్చు. సాయంత్రం పెళ్లి అయితే పడమటి గోడకు ఆనించి బల్ల వేయకండి. పగలంతా ఎండ తాగిన గోడ చీకటి పడ్డాక కూడా చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. నీడల్లో కూడా రకాలున్నాయి. రేకుల షెడ్డు కింద నీడ పేరుకే నీడ. షామియానా గుడ్డ కొంత మెరుగు, కానీ ఒంటి పొర గుడ్డ తాను వేడెక్కి ఆ వేడిని కిందికే వదులుతుంది. తాటాకు పందిరి గాని కొబ్బరాకు పందిరి గాని దొరికితే దాన్ని మించింది లేదు. ఆకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. ఎండ తప్పని చోట కెమెరా నిలబెట్టాల్సి వస్తే, ద్వారకా తిరుమల మాడ వీధుల్లో రథం వచ్చేటప్పుడు ఎలాగూ తప్పదు, పైన తెల్ల గొడుగు కట్టండి. గుడ్డను కెమెరాకు చుట్టొద్దు. గుడ్డకూ కెమెరాకూ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి, గాలి పోవడానికి.

బల్లకు శత్రువులు ముగ్గురు: ఎండ, డెకరేషన్ వాళ్లు, వంటవాళ్లు. డెకరేషన్ వాళ్లు అందం కోసం బల్ల చుట్టూ నేల దాకా శాటిన్ గుడ్డ కడతారు. కింద యూపీఎస్, అడాప్టర్లు, రౌటర్ అన్నీ ఆ గుడ్డ లోపల ఉడుకుతుంటాయి. గుడ్డ ముందువైపు ఉండనిచ్చి, వెనక పూర్తిగా పైకి కట్టించండి. కొందరు బల్ల మీద మెత్తటి తివాచీ పరుస్తారు. ఏలూరు తివాచీలకు పేరున్న ఊరే, కాదనను. అవి కాళ్ల కిందకు బాగుంటాయి గాని ల్యాప్‌టాప్ కింద కాదు. ల్యాప్‌టాప్ గాలి పీల్చుకునే కన్నాలు చాలావాటికి అడుగునే ఉంటాయి. ఇక గాడిపొయ్యి దగ్గర బల్ల వేస్తే వేడి ఒక్కటే కాదు, నూనె ఆవిరి. అది ఫ్యాన్ రెక్కలకు పట్టి, దాని మీద దుమ్ము అంటుకుని, పెళ్లి అయిపోయాక కూడా మిమ్మల్ని వదలదు.

అసలు చిక్కు చోటు విషయంలో పెళ్లివారితో వస్తుంది. ‘ఇక్కడొద్దు బాబూ, ఫొటోల్లో అడ్డమొస్తది. ఆ మెట్ల కింద గదిలో పెట్టుకోండి’ అంటారు ఆడపిల్ల తరఫు పెద్దాయన. వాదన పెట్టుకోకండి, అలాగని ఒప్పుకోనూ వద్దు. ‘ఆయ్, అలాగేనండి బాబాయ్‌గారూ, స్తంభం అవతలికి జరిపేస్తామండి. ఆ గదిలోకి మాత్రం తోయకండి. గాలాడక మిషను ఆగిపోద్దండి, అమెరికాలో మీ అబ్బాయిగారికి తాళి కట్టేది కనపడదండి’ అని చెప్పండి. ఆ చివరి మాటకు దారి ఇవ్వని తండ్రి గోదావరి జిల్లాల్లో ఉండడు.

గాలి, తేమ, ఐసు

బల్ల కుదిరాక గాలి సంగతి. ల్యాప్‌టాప్ వెనక భాగం రెండు అంగుళాలు ఎత్తండి. దీనికి కూలింగ్ ప్యాడే అక్కర్లేదు, రెండు చెక్క ముక్కలు చాలు. ఏటెమ్ మినీ లాంటి చిన్న స్విచ్చర్లు పని చేస్తుంటే ఒళ్లు బాగా వేడెక్కుతాయి. వాటి మీద ఫోను, పెన్‌డ్రైవు, కాఫీ గ్లాసు పెట్టడం మన వాళ్ల అలవాటు. పైన ఏమీ ఉండకూడదు, కింద కూడా వేలెడు ఖాళీ ఉండాలి. కంప్యూటర్ షాపుల్లో దొరికే 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి కొని, చిన్న అడాప్టర్‌తో యూపీఎస్ మీద పెట్టి, స్విచ్చర్‌కు ఒక పక్కగా తిప్పండి. అది తినేది రెండు మూడు వాట్లు, కానీ కరెంటు పోయినప్పుడు పెడెస్టల్ ఫ్యాన్ ఆగినా ఇది ఆగదు. ఫ్యాన్ గాలి ఒక వైపు నుంచి వచ్చి రెండో వైపుకు పోవాలి. ల్యాప్‌టాప్ పక్క నుంచి వేడి గాలి బయటికి వచ్చే కన్నానికి ఎదురుగా ఫ్యాన్ పెడితే ఆ వేడిని మళ్లీ దాని ముక్కులోకే తోసినట్టు. మైకు ఉన్న వైపు అసలే వద్దు. మంత్రాల కన్నా గాలి హోరు ఎక్కువ వినపడుతుంది.

ఇంతకీ ఫ్యాన్లకు పెళ్లిలో అన్నిటికన్నా పెద్ద గండం తలంబ్రాలు. పూర్వం బియ్యం, పసుపు, ముత్యాలు. ఇప్పుడు వాటిలో రంగురంగుల థర్మోకోల్ పూసలు కలుపుతున్నారు. బియ్యపు గింజ బరువుకు కింద పడుతుంది. పూస గాలికి లేస్తుంది, ఫ్యాన్ లాగితే ల్యాప్‌టాప్ కన్నాల్లోకి పోయి కూర్చుంటుంది. ఒకటి రెండు పోయినా తెలియదు. పది పోతే ఫ్యాన్ చప్పుడు మారుతుంది. దానికి తోడు పేపర్ బ్లాస్టులు, హోమం పొగ. గాలి పీల్చే వైపు దోమతెర ముక్క ఒకటి టేపుతో అంటించండి. తలంబ్రాలు అయిపోగానే దాన్ని ఊడదీసి దులిపి మళ్లీ అంటించండి, ఎందుకంటే పూసలు పట్టిన దోమతెర అసలు తెర లేకపోవడం కన్నా హాని.

ఇప్పుడు మన ప్రాంతానికే ప్రత్యేకమైన పొరపాటు. కైకలూరు, ఆకివీడు వైపు చేపల లోడింగ్ కోసం ఐసు ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది, థర్మోకోల్ పెట్టెలు గుట్టలుగా ఉంటాయి. ‘ఐసు ముక్కలు గుడ్డలో కట్టి కింద పెట్టేద్దాం’ అనే తెలివైన కుర్రాడు ప్రతి బ్యాచిలోనూ ఒకడు ఉంటాడు. రాయలసీమలో ఆ పని చేస్తే కొంత తప్పించుకుంటాడేమో. కొల్లేరు గాలిలో తప్పించుకోలేడు. గాలి 35 డిగ్రీలుండి, అందులో తేమ 60 శాతం ఉంటే, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పడతాయి. చల్లటి సోడా సీసా బయటకు తీయగానే చెమర్చినట్టు. ఐసు తగిలిన పెట్టె బయట మాత్రమే కాదు, లోపల సర్క్యూట్ బోర్డు మీద కూడా చెమరుస్తుంది. వేడి వల్ల పరికరం ఆగిపోతే చల్లారాక మళ్లీ లేస్తుంది. తడిసి షార్ట్ అయితే రిపేరుకే.

ఎయిర్ కూలర్ కూడా అదే కోవ. పొడి గాలి ఉన్న ఊళ్లలో అది బాగా పని చేస్తుంది. మన తేమలో అది చల్లబరిచేది తక్కువ, తడిపేది ఎక్కువ. కూలర్‌ను ఆపరేటర్ మీదికి తిప్పండి, పరికరాల మీదికి మామూలు ఫ్యాన్ తిప్పండి.

ఈ చెమర్చడం ఏసీ హాళ్లలో ఇంకోలా పట్టుకుంటుంది. 22 డిగ్రీల హాల్లో రెండు గంటలున్న కెమెరాను ఎదురు సన్నాహానికి గబగబా బయటికి తీసుకొస్తారు. లెన్సు ముందు పాల పొర కమ్ముతుంది. తుడుస్తారు, మళ్లీ కమ్ముతుంది. అద్దం బయటి గాలంత వేడెక్కేదాకా తుడవడం దండగ. ఉపాయం ఏమిటంటే బయట వాడాల్సిన కెమెరాను ఏసీలోకి తీసుకెళ్లకుండా వరండాలోనే ఉంచడం. తప్పదంటే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూసి బయటికి తెచ్చి, అరగంట ఆగాక తీయడం. తేమ కవర్ మీద పడుతుంది, లెన్సు మీద కాదు. కొల్లేరులోకి వెళ్లేవాళ్లకు ఈ అలవాటు చలికాలంలోనూ పనికొస్తుంది. ఆటపాకలో గూడబాతులను చూపించే తెల్లవారుజాము లైవుకు ఎండ బాధ ఉండదు, మంచు తేమ ఉంటుంది. అది అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందే చూసుకోండి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్తే చలి పోయి ఎండ మొదలవుతుంటుంది, చుట్టూ నీళ్లు మాత్రం ఉంటాయి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. సీజన్ అయ్యాక లెన్సులను బీరువాలో బట్టల మధ్య దాచకండి. మన వానాకాలానికి బూజు పట్టడం ఖాయం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, గింజల రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోండి.

కెమెరా చేత తక్కువ పని చేయించండి

2020లో క్యానన్ ఆర్5 వచ్చినప్పుడు పెద్ద గొడవైంది. అంత ఖరీదైన కెమెరా 8కె వీడియో తీస్తే 20 నిమిషాలకే వేడెక్కి ఆగేది. అది కూడా 23 డిగ్రీల గదిలో కంపెనీ తానే చెప్పిన లెక్క. 2022లో అదే కంపెనీ ఆర్5 సి తెచ్చింది, లోపల ఫ్యాన్ పెట్టి. మనకు ఇందులో పాఠం సూటిగా ఉంది. ఫోన్లో, టీవీలో చూసే పెళ్లి లైవుకు 1080 చాలు. కెమెరాను 4కెలో నడిపి స్విచ్చర్‌లో దించుకోవడం అంటే వేడిని డబ్బిచ్చి కొనుక్కోవడమే.

కెమెరా లోపల కార్డు మీద రికార్డింగ్ ఆపి, ఆ పని స్విచ్చర్‌కో ల్యాప్‌టాప్‌కో అప్పగించండి. వెనక తెరను ఒంటికి ఆనించి ఉంచకుండా బయటికి తెరవండి, దాని వెనకే సెన్సర్ ఉంటుంది. మామూలు బ్యాటరీ బదులు కరెంటుతో నడిచే డమ్మీ బ్యాటరీ వాడితే బ్యాటరీ వేడి పోతుంది, గంటకోసారి మార్చే బాధా పోతుంది. సోనీ కెమెరాల్లో ‘ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్’ అని ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని ‘హై’లో పెట్టకపోతే కెమెరా తొందరపడి ఆరిపోతుంది. హైలో పెట్టాక ఒళ్లు కాలుతుంది కాబట్టి చేత పట్టుకోకుండా ట్రైపాడ్ మీదే ఉంచండి. ఫోనుతో లైవ్ చేసేవాళ్లు కవర్ తీసేయండి, ముందే నిండా ఛార్జ్ చేసుకోండి. ఛార్జింగ్, హాట్‌స్పాట్, కెమెరా మూడూ ఒకే ఫోను మీద పెడితే మన ఎండకు అది ముప్పావు గంట నిలబడినా గొప్పే.

కరెంటు

దీని మీద ఎంతైనా రాయొచ్చు, ముఖ్యమైనవి చెబుతాను. డీజే, ఎల్‌ఈడీ వాల్, సీరియల్ సెట్లు ఉన్న లైను మీద మీ బల్లకు కరెంటు తీసుకోకండి. వేరే లైను అడగండి, ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చెరువుల మధ్య ఊళ్లలో రాత్రి పెళ్లిళ్లకు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తెల్లవారేలోపు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి రొయ్యల రైతులు ఏరేటర్లు రాత్రంతా తిప్పుతారు. ఆ వేళ లో వోల్టేజి వస్తే ఎవరినీ అనలేం. యూపీఎస్ ఉంటే అది సర్దుకుంటుంది.

మామూలు 600 విఏ యూపీఎస్ మోసేది దాదాపు 360 వాట్లు. ల్యాప్‌టాప్, స్విచ్చర్, రౌటర్, కెమెరా అడాప్టర్లు, ఆ చిన్న ఫ్యాన్ దాని మీద చాలు. లైట్లు, పెడెస్టల్ ఫ్యాన్ దాని మీద వద్దు. కరెంటు నుంచి జనరేటర్‌కు మారే ఆ కొన్ని క్షణాలకే యూపీఎస్ కావాలి, గంటలకు కాదు. యూపీఎస్ లోపలి బ్యాటరీ కూడా వేడికి త్వరగా ముసలిదవుతుంది. కిందటేడు పావుగంట మోసింది ఈ ఏడాది రెండు నిమిషాలే మోయొచ్చు. సీజన్ ముందు ప్లగ్ పీకి చూడండి. ఇంకొకటి: చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరును చుట్ట విప్పకుండా వాడకండి. లోపలి చుట్ల వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది, పందిట్లో అది నిప్పు.

ఎన్ని చేసినా ఒక్కోసారి ఆగుతుంది. దానికి కూడా ముందే దారి ఉంది. యూట్యూబ్ లైవ్ కంట్రోల్ రూమ్‌లో ‘ఆటో స్టాప్’ ఆపేసి ఉంచండి. అప్పుడు కరెంటు పోయి మీరు మళ్లీ ఎక్కినా లింకు అదే ఉంటుంది. డల్లాస్‌లో వాళ్లు కొత్త లింకు కోసం వాట్సాప్‌లో వెతుక్కోనక్కర్లేదు. కొత్త ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది కాబట్టి పెళ్లిరోజు పొద్దున ఛానెల్ తెరవకండి.

ముందురోజు, అదే వేళకు

రిహార్సల్ అందరూ చేస్తారు, కానీ సాయంత్రం చల్లబడ్డాక చేస్తారు. అది నెట్ పరీక్ష అవుతుంది, వేడి పరీక్ష అవదు. ముహూర్తం 11 గంటలకైతే ముందురోజు 11 గంటలకే, అదే బల్ల, అదే చోటు, లైవ్ ఎంతసేపు నడవాలో అందులో సగమన్నా నడపండి. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టుకుంటే లింకు ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ కనపడదు. అరగంటకోసారి పరికరాల వేడి రాసుకోండి. దీనికి కరోనాలో కొన్న నుదుటి థర్మామీటర్ పనికిరాదు, అది మనిషి జ్వరం దాటి పైకి చదవదు. ఎలక్ట్రీషియన్లు వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. ల్యాప్‌టాప్ లోపలి వేడి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అంకె ఒకచోటికి వచ్చి నిలబడితే ధైర్యంగా ఉండొచ్చు. గంట దాటినా పెరుగుతూనే ఉంటే రేపు ఆగుతుందని ఈరోజే తెలిసినట్టు.

బల్ల దగ్గర ఇద్దరు ఉండాలి. స్విచ్చింగ్ చేసేవాడి కళ్లు పెళ్లికూతురి మీద ఉంటాయి, ఉండాలి కూడా. రెండోవాడి పని స్టాట్స్ చూడడం, ఫ్యాన్లు, దోమతెర, ప్లగ్గులు, స్విచ్చింగ్ వాడికి వేళకింత మజ్జిగ. ఈ రెండో మనిషి కూలి మిగుల్చుకుందామనే రేటు తగ్గించి బేరం కుదుర్చుకుంటారు కొందరు. మే నెలలో ఆ బేరం ఒప్పుకోకండి.

ఈసారి అడ్వాన్స్ పుచ్చుకునే రోజునే, ఎన్ని కెమెరాలు అని పెళ్లివారు అడిగేలోపు, బల్ల ఎక్కడ వేస్తారో మీరు అడగండి. కుదిరితే ఆ చోటు ఫొటో తీసుకుని, ముహూర్తం వేళకు ఎండ ఎటు ఉంటుందో దాని మీదే రాసుకోండి.